గుండ్రంగా పెట్టిన సంతకాలు

పోయిన వారం మిమ్మల్ని నా బల్ల ముందు వదిలేశాను. బల్ల మీద ఒక కాగితం, కాగితం మధ్యలో నాలుగు లైన్ల విన్నపం, దాని చుట్టూ గుండ్రంగా పదకొండు సంతకాలు. ఆపరేషన్ పనిముట్లని ఆవిరిలో శుద్ధిచేసే మా ఆస్పత్రి స్టెరిలైజేషన్ విభాగంలో నాతో కలిపి పన్నెండుమందిమి. అంటే నా కింద పనిచేసేవాళ్ళంతా, ఒక్కరు కూడా మిగలకుండా, నన్ను మూడు నెలలపాటు ఇన్‌ఛార్జి పని నుంచి తప్పించమని సూపరింటెండెంటు గారిని కోరారు. ఆయనకి పంపేముందు మర్యాదకి నాకు చూపించారు.

ఆ గుండ్రం సంగతి కొత్తగా చదువుతున్నవాళ్ళకి చెప్పాలి. పదిహేడేళ్ళ క్రితం టెక్నీషియన్ కోర్సు చదివే రోజుల్లో నేను మా కాలేజీ విద్యార్థి సంఘానికి ప్రెసిడెంటుని. హాస్టల్లో నీళ్ళు రోజుకి ఒక్క గంట వచ్చేవి. అర్జీ పెడితే ప్రిన్సిపాల్ గారు మొదటి సంతకం ఎవరిదో చూసి, ఆ పిల్లని గదిలోకి పిలిచి ఉతికి ఆరేసేవారు. అందుకని సంతకాలు వరసగా కాకుండా గుండ్రంగా పెట్టించాను. గుండ్రానికి మొదలెక్కడుంది, ఎవరిని పిలుస్తారో పిలవమనండి అని నేను బల్ల ఎక్కి అరిస్తే మూడువందల మంది చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు, నా జబ్బంతా అదే.

ఇక్కడ కూడా అందరూ నన్ను ప్రెసిడెంటనే అంటారు. ఆ పేరు మోసుకొచ్చి అందరికీ అంటించింది మా సెక్రెటరీ. అప్పట్లో నా సంఘానికి సెక్రెటరీ, ఇప్పుడు నా విభాగంలో సీనియర్ టెక్నీషియన్. కాగితం మధ్యలో ఉన్న చేతిరాత ఆమెదే. నిద్రలో చూపించినా గుర్తుపడతాను.

కాగితం పట్టుకుని ప్యాకింగ్ గదిలోకి వెళ్ళాను. పొద్దున పది దాటింది. సెక్రెటరీ ఒక్కతే ఉంది. ఆరబెట్టిన కత్తెరలూ, పట్టుకార్లూ ట్రేలో లెక్కపెట్టి, రెండు పొరల గుడ్డలో చుడుతోంది. చివరి మూల చిన్న చెవిలా బయటికి వదులుతుంది, ఆపరేషన్ గదిలో గుడ్డ విప్పేవాళ్ళకి పట్టు దొరకాలని. ఆ పని ఆమె చేసినంత శుభ్రంగా మాలో ఎవరమూ చెయ్యలేం.

"ఇది నువ్వు రాశావు" అన్నాను.

"అవును."

"దాచడానికి కూడా ప్రయత్నించలేదు."

"నీ దగ్గర దాచి ఏం లాభం? నా చేతిరాత ఆ ప్రిన్సిపాలే పట్టేశాడు, నువ్వు పట్టవా?"

ఆ మాట ఆమె నవ్వుతూనే అంది. నాకే ఎక్కడో కలుక్కుమంది. నీళ్ళ గొడవప్పుడు ప్రిన్సిపాల్ గారు సంతకాల జోలికి పోలేదు, విన్నపం రాసిన చేతిని వెతికారు. పరీక్ష పేపర్లు ముందు పెట్టుకుని పోల్చి చూశారు. రాయించింది నేను, రాసింది ఆమె. ఆమెను ఒక సంవత్సరం పాటు కాలేజీ నుంచి పంపించేశారు. వెళ్ళేరోజు బస్సెక్కిస్తూ, "నేను చూసుకుంటాలే, వారంలో వెనక్కి తెప్పిస్తాను" అన్నాను. ఏమీ చూసుకోలేదు. నాకు పరీక్షలు దగ్గరపడ్డాయి. అందుకే నాకు ఏడాది వెనకాల ఉద్యోగంలోకి వచ్చింది, అందుకే ఇవాళ ఇన్‌ఛార్జి నేను, నా కింద ఆమె. ఈ పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాటతో ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే నాకు హాయిగా ఉండేది.

"పదకొండుమందీ కలిసి నన్ను బయటికి గెంటుతున్నారన్నమాట" అన్నాను.

"పదకొండుమంది కాదు. సరిగ్గా చూడు."

చూశాను. రెండు సంతకాల మధ్య బొటనవేలంత ఖాళీ ఉంది.

"అది నీ చోటు" అంది. "ప్రెసిడెంటు కూడా అందరిలో ఒకతిగా గుండ్రంలోనే సంతకం పెట్టాలి, పైన కాదు అని రూలు పెట్టింది నువ్వే."

"నన్ను తప్పించమని నేనే సంతకం పెట్టుకోవాలా?" ఒళ్ళు మండిపోయింది. "ఎవరింట్లో పిల్లకి జ్వరమొస్తే ఎవరి షిఫ్టు నెత్తినేసుకున్నాను నేను? ఇద్దరు మానేసి వెళ్ళిపోతే వాళ్ళ పని ఎవరికి పంచాను? ఎవరికీ పంచలేదు. రెండో మెషీను పాడై ఐదు నెలలైంది. ఆపరేషన్ థియేటర్ వాళ్ళు పనిముట్ల సెట్లు ఏవీ అని గంటకోసారి నా ప్రాణం తీస్తుంటే ఆ అరుపుల్లో ఒక్కటి మీ చెవిన పడనిచ్చానా?"

"లేదు. అదే మా బాధ." చేతిలో పని పక్కన పెట్టింది. "పద్నాలుగు నెలలైంది నువ్వు సెలవు పెట్టి. గుడ్డలుంచే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని పది నిమిషాలు నిలబడి వస్తావు. ముఖం కడుక్కుని నవ్వుతూ వస్తావు. మాకు తెలియదనుకుంటున్నావా? అందరికీ తెలుసు. ఆ పది నిమిషాలూ ఆ గదిలోకి ఎవరూ గుడ్డల కోసం వెళ్ళరు."

నాకు తల కొట్టేసినట్టయింది. నేను ఎంత బాగా దాచుకున్నానో అని మురిసిపోయే సంగతి అది.

"మీ అమ్మాయి క్లాసు లీడరైంది, తెలుసా?" అంది ఉన్నట్టుండి.

"ఎప్పుడు?"

"పోయిన నెల. ఓట్లు పెట్టారట, ఇరవై రెండు ఓట్లు వచ్చాయట. నాకు ఫోన్ చేసి చెప్పింది. 'అమ్మకి చెప్పాను పిన్నీ, సరేలే అంది. వినలేదేమోనని మళ్ళీ రెండ్రోజులకి చెప్పాను. అప్పుడూ సరేలే అంది' అని."

ఎంత తవ్వుకున్నా నాకు గుర్తు రాలేదు. దాని ముఖం గుర్తొచ్చింది, ఏదో చెబుతూ వంటగది గడపలో నిలబడటం గుర్తొచ్చింది, ఏం చెప్పిందో మాత్రం లేదు. ఏడుపొచ్చింది. అక్కడున్న ఎత్తు కుర్చీ మీద కూర్చుని ఏడ్చాను కూడా. సెక్రెటరీ వచ్చి వీపు మీద చెయ్యి వేసింది.

"సరే, పెడతాను" అన్నాను చివరికి. "పెన్ను ఇవ్వు. కానీ ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడే ఎందుకు రాశారు?"

పెన్ను ఇవ్వబోయిన చెయ్యి ఆగిపోయింది. ఏమీ లేదు, ఊరికే అంది. అబద్ధం చెప్పడం ఆమెకి రాదు. కాలేజీలో కూడా ఆ పని నాకే వదిలేసేది.

"చెప్పు" అన్నాను.

వెళ్ళి అలమార మీంచి రిజిస్టరు తీసింది. మా పని ఎలా ఉంటుందో చెబితే గాని ఇక్కడ మీకు అర్థం కాదు. ప్యాకెట్ల మీద అంటించే టేపు ఆవిరి తగిలితే చాలు, రంగు మారిపోతుంది. లోపలి దాకా ఆవిరి వెళ్ళిందో లేదో దానికి తెలియదు. అది చెప్పేది మెషీను మధ్యలో, మందపాటి గుడ్డల కట్టలో దాచిపెట్టే చిన్న స్ట్రిప్పు. లేత పసుపు రంగులో ఉన్నది నల్లగా మారితే ఆ లోడంతా, అంటే ఆ విడత మెషీన్లో వేసిన ప్యాకెట్లన్నీ, పనికొస్తుంది. మారకపోతే మొత్తం మళ్ళీ వెయ్యాలి. ప్రతి లోడుకీ ఆ స్ట్రిప్పు ఇద్దరు చూస్తారు, రిజిస్టర్లో అతికిస్తారు, పక్కన ఇద్దరూ సంతకాలు పెడతారు. మొదటి సంతకం ఇన్‌ఛార్జిది. రెండోది సీనియర్ టెక్నీషియన్‌ది.

రిజిస్టరు అట్ట లోపల ఒక కవరు ఉంది. అందులోంచి రెండు స్ట్రిప్పులు తీసి నా అరచేతిలో పెట్టింది. రెండూ నలుపు కాదు, ఎండిన ఆకు రంగులో ఉన్నాయి.

"ఈ రెండింటికీ నువ్వు సరే అని సంతకం పెట్టేశావు. ఆ రెండు రోజులూ నీ చెయ్యి వణుకుతుంటే చూసి, అనుమానమొచ్చి, నేను వెలుతురులోకి పట్టుకెళ్ళి చూశాను. ఎవరికీ చెప్పకుండా లోడు మళ్ళీ వేయించి, కొత్త స్ట్రిప్పులు అతికించాను."

పదిహేనేళ్ళ ఉద్యోగంలో స్ట్రిప్పు చూడకుండా సంతకం పెట్టిన మనిషిని కాను నేను. కాదనే అనుకుంటున్నాను. ఆ రెండు రోజుల్లో ఒక్కటైనా గుర్తు తెచ్చుకుందామంటే, అవీ మా అమ్మాయి ఎన్నికతో పాటే ఎక్కడికో పోయాయి.

"అందుకని ఈ కాగితం" అన్నాను. "మంచి పని చేశావు."

ఆమె రిజిస్టర్లో పేజీలు తిప్పి ఒకచోట ఆపింది. తొమ్మిది రోజుల కిందటి తేదీ. స్ట్రిప్పు చక్కగా, వంకర లేకుండా అతికించి ఉంది. ఒక అంచు నల్లబడింది. మిగతాదంతా ఎండిన ఆకు రంగే. పక్కన నా సంతకం. నా సంతకం పక్కన ఆమెది.

"ఆ రోజు నువ్వు నవ్వుతూ ఉన్నావు" అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. "ఏదో జోకు కూడా వేశావు. హమ్మయ్య, ఇవాళ బాగానే ఉంది అనుకున్నాను. నువ్వు బాగున్నరోజు నీ సంతకం చూసి నేను పెట్టేస్తాను, కాలేజీ నుంచీ అలవాటే కదా. మర్నాడు పేజీ తిప్పుతుంటే కనిపించింది. పైన ఆపరేషన్ థియేటర్‌కి పరుగెత్తాను. అన్నీ వాడలేదు, ఒక్క సెట్టు విప్పారు. మిగతావి వెనక్కి తెచ్చేశాను."

"ఎవరికి?"

"ఆరో వార్డు, పద్నాలుగో మంచం. బట్టలు కుట్టే అమ్మాయి. కుడిచేతి మణికట్టుకి ఆపరేషన్. నాలుగో రోజు నుంచి జ్వరం. కుట్ల దగ్గర చీము పడుతోంది."

మిగిలిన పదిమందికీ ఈ సంగతి తెలియదు. నేను అలిసిపోయానని, నాకు విశ్రాంతి కావాలని, ప్రేమతో సంతకాలు పెట్టారు వాళ్ళు.

"డాక్టర్లు ఏమంటున్నారు?"

"కట్టు తడిసిందంటున్నారు. వాళ్ళక్క స్నానం చేయించింది. ఆవిడ మొదట్లో తడపలేదనే చెప్పింది. అందరూ కలిసి పదిసార్లు అడిగేసరికి, ఇప్పుడు తడిపానేమో అంటోంది."

సాయంత్రం డ్యూటీ అవగానే ఈమధ్య సెక్రెటరీ నాతో మాట్లాడకుండా మాయమవుతోంది. నా మీద అలిగిందనుకున్నాను. "ఆ వార్డుకా వెళ్తున్నది?" అని అడిగితే తలూపింది. "వాళ్ళకి ఇక్కడ ఎవరూ లేరు. కాసేపు కూర్చుంటాను. వేణ్ణీళ్ళు పట్టుకొచ్చి ఇస్తాను. వాళ్ళక్క ఏడుస్తుంటే ఓదారుస్తాను."

"చెప్పావా?"

"ఏమని చెప్పమంటావు?"

కోపం రావాలి నాకు. రాలేదు. మొదటి సంతకం నాది. గుండ్రం కాదిది, ఇక్కడ మొదలుంది, ఆ మొదట్లో నా పేరుంది. కత్తెరలు సరిగ్గా శుభ్రపడలేదని తెలిస్తే డాక్టర్లు వేరే మందు ఇస్తారు, వేరే పరీక్ష చేస్తారు. కట్టు తడిసిందనుకుంటున్నంతకాలం కట్టే మారుస్తుంటారు. ఈలోపు ఆ అమ్మాయి చెయ్యి ఏమవుతుందో ఆలోచించడానికి నాకు ధైర్యం చాల్లేదు.

బల్ల మీద ఖాళీ కాగితం తీసుకున్నాను. తేదీ వేశాను, లోడు నెంబరు వేశాను, స్ట్రిప్పు సరిగ్గా మారకపోయినా చూసుకోకుండా సంతకం పెట్టింది నేనేనని రాశాను. ఐదు లైన్లు. కింద నా పేరు, ఒక్కదాన్నే. రెండో సంతకం గురించి రాయలేదు.

"దీన్ని ఎక్కడికి తీసుకెళ్తావు?"

"ఆరో వార్డుకి. పదకొండుకి రౌండ్స్ మొదలవుతాయి."

"రిజిస్టరు తెమ్మంటారు. రెండో సంతకం ఎవరిదని అడుగుతారు."

"అడిగితే చెప్తాను."

ఆమె వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది. "ప్రెసిడెంటూ, ఈ కాగితం మీద నీ చోట్లో సంతకం పెట్టు, ఇంటికి వెళ్ళి పడుకో. రిజిస్టర్లో నాలుగు పేజీలే మిగిలాయి. శనివారం రికార్డు గదికి వెళ్ళిపోతుంది, ఇక ఎవరూ తియ్యరు. జ్వరం ఇవాళ కొంచెం తగ్గింది కూడా."

"తగ్గకపోతే?"

"నేను ఏడాది చదువు పోగొట్టుకున్నప్పుడు నిన్ను ఏమైనా అడిగానా? నీ పేరు చెప్పమని రెండు గంటలు నిలబెట్టారు నన్ను. చెప్పానా? ఇన్నేళ్ళకి ఒక్కటి అడుగుతున్నాను. నా పేరు రానివ్వకే."

రెండు గంటలు నిలబెట్టిన సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. అంత చిన్న గదిలో, అంత దగ్గరగా నిలబడి, ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. ఒక పక్క ఈమె, ఒక పక్క నేను ఎన్నడూ చూడని ఒక కుట్టుపని చేసే పిల్ల. ఈమెకి ఎంత బాకీ ఉన్నానో నాకు తెలుసు. ఆ బాకీ ఆ పిల్ల చేత్తో తీర్చలేను కదా.

"జరుగు" అన్నాను.

జరగలేదు. రెండు భుజాలూ పట్టుకుని పక్కకి తోశాను. పెద్ద మనిషి కాదు, తేలిగ్గానే జరిగింది. బల్ల అంచు తగిలి అబ్బా అంది. వెనక్కి తిరిగి చూస్తే ఆగిపోతానని చూడకుండా మెట్లెక్కేశాను.

ఆరో వార్డులో రౌండ్స్ అప్పుడే మొదలయ్యాయి. డాక్టరు పద్నాలుగో మంచం పక్కనే ఉన్నారు. ఆ అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో, కుడిచేయి దిండు మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని పడుకుంది. ముఖం జ్వరానికి ఎర్రబడి ఉంది. కాళ్ళ దగ్గర వాళ్ళక్క నిలబడి, డాక్టరు ఏం అడిగితే దానికి "నాదే పొరపాటండి" అంటోంది. అడగని ప్రశ్నకి కూడా అదే అంటోంది.

నేను కాగితం ఇచ్చాను. డాక్టరు ఒకసారి చదివి, నా మెడలో ఉన్న గుర్తింపు కార్డు చూసి, మళ్ళీ చదివారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. నర్సుని పిలిచి కట్టు విప్పమన్నారు, చీము పరీక్షకి వెంటనే పంపమన్నారు, మందు పేరు చెప్పి ఇప్పుడే మొదలుపెట్టమన్నారు. అంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇది ఐదు రోజుల ముందు చెప్పాల్సింది" అన్నారు.

నాకు ఇవాళే తెలిసిందని నోటిదాకా వచ్చింది. అలాగంటే, మరి ముందు ఎవరికి తెలుసు అన్న ప్రశ్న వస్తుంది. "అవునండి" అన్నాను.

వాళ్ళక్కకి మా మాటలు సగమే అర్థమయ్యాయి. ఆమెను పక్కకి తీసుకెళ్ళి, విడమరిచి చెప్పాను. ఆపరేషన్‌కి వాడిన కత్తెరలు సరిగ్గా శుభ్రపడలేదు, చూడాల్సింది నేను, చూడలేదు. మీరు కట్టు తడపలేదు.

"తడపలేదా?" అంది.

"లేదమ్మా. మీ తప్పేం లేదు."

తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆమె గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. "ప్లాస్టిక్ కవరు కట్టానండి, రెండు కవర్లు కట్టాను, నీళ్ళు పోలేదని నాకు తెలుసు. అందరూ అంటుంటే, నేనే దాని చెయ్యి తీసేశానని రోజూ ఏడుస్తున్నానండి" అంటూ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ కింద కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక ఆమె పాదాలు పట్టుకున్నాను. పట్టుకోనివ్వలేదు.

కాసేపటికి ముఖం తుడుచుకుని నా బట్టల వైపు చూసింది. మా విభాగం వాళ్ళందరికీ ఒకటే రకం, ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ ప్యాంటు.

"మీరు ఆ అక్క దగ్గర పనిచేస్తారా?" అంది. "ఇలాంటి బట్టలే. రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేది, సన్నగా ఉంటుంది. ఆ అక్కే లేకపోతే నేను ఈపాటికి ఏ నుయ్యో చూసుకునేదాన్ని."

అప్పుడే వార్డు తలుపు దగ్గర చప్పుడైంది. తలెత్తి చూశాను. సెక్రెటరీ. మెట్లు పరుగున ఎక్కినట్టుంది, రొప్పుతోంది. రిజిస్టరుని రెండు చేతులతో గుండెకి అదుముకుని ఉంది. గోడ పక్క నా వైపు తిరిగి కూర్చున్న వాళ్ళక్కకి తలుపు వీపువైపుంది, చూడలేదు. నా చెయ్యి పట్టుకుని అడుగుతోంది.

"తెలియక చేశావులే, నిన్ను నువ్వు తిట్టుకోకు అని రోజూ నా తల నిమిరేదండి ఆ అక్క. ఆ అక్కకి ఈ సంగతి తెలుసా?"